ఆగి ఉన్న కారులో ఏవి వదలకూడదు? తరచుగా అడిగే ప్రశ్నలు

కారు తాళం వేసి వెళ్లేటప్పుడు చాలామంది మనసులో అనుకునే మాట ఒకటే: "ఇప్పుడే వచ్చేస్తాను కదా." లోపల క్యూ ఉంటుందని, తెలిసినవాళ్లు ఎదురుపడి మాటల్లో పెడతారని ఆ క్షణంలో తోచదు. కింద ఉన్న ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఆ మాటే. కొన్నిటి విషయంలో పొరపాటు జరిగితే వస్తువు పాడవుతుంది, అంతటితో పోతుంది. కొన్నిటి విషయంలో ప్రాణం పోతుంది. అందుకే ప్రాణాలకు సంబంధించినవి ముందు పెట్టాను.

బయట పెద్దగా ఎండ లేకపోయినా కారు లోపల అంత వేడి ఎందుకు?

సూర్యకాంతి అద్దాల గుండా సులువుగా లోపలికి వస్తుంది. డ్యాష్‌బోర్డు, సీట్లు, స్టీరింగ్ దాన్ని పీల్చుకుని వేడెక్కుతాయి. ఆ వేడి పరారుణ కిరణాలుగా బయటికి పోబోతే అద్దం అడ్డుకుంటుంది. వేడెక్కిన గాలి పైకి లేచి పోదామన్నా దారి లేదు, అన్నీ మూసి ఉంటాయి. వచ్చే వేడి వస్తూనే ఉంటుంది, పోయేది మాత్రం కొద్దిగానే.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు దీన్ని కొలిచి 2005లో పిల్లల వైద్య పత్రిక 'పీడియాట్రిక్స్'లో ప్రచురించారు. మబ్బుల్లేని 16 రోజుల్లో, బయట 22 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు, ముదురు రంగు కారును గంటసేపు ఎండలో ఆపి చూశారు. గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీలు పెరిగింది. బయట ఎంత ఉన్నా ఈ పెరుగుదల దాదాపు ఒకేలా ఉంది. అంటే బయట హాయిగా 24 డిగ్రీలు ఉన్న రోజున కూడా లోపల 46 దాకా పోవచ్చు. ఇంకో సంగతి: ఆ పెరుగుదలలో 80 శాతం మొదటి అరగంటలోనే వచ్చేసింది. "కాసేపే కదా" అని మనం అనుకునే ఆ కాసేపట్లోనే అసలు ప్రమాదమంతా ఉంది.

అద్దాలు కొంచెం దించి పెడితే సరిపోదా?

సరిపోదు. అదే పరిశోధనలో అద్దాలు ఒకటిన్నర అంగుళం దించి కూడా చూశారు. వేడెక్కే వేగంలో, చివరికి చేరిన వేడిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అద్దం దించామన్న ధైర్యంతో మనిషి లోపల ఇంకో పది నిమిషాలు ఆగిపోతాడు. అందుకే ఈ అలవాటు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుందని నా అభిప్రాయం.

నీడలో ఆపితే?

నీడ వస్తువులకు కొంత మేలు చేస్తుంది. ప్రాణులకు మాత్రం దాన్ని నమ్ముకోకూడదు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. బయట 38 డిగ్రీలు దాటే రోజుల్లో, ఎండలో గంటసేపు ఉన్న కార్ల లోపల గాలి సగటున 47 డిగ్రీలకు, స్టీరింగ్ 53కి, డ్యాష్‌బోర్డు 69కి చేరాయి. నీడలో ఉన్న కార్లలో గాలి 38, డ్యాష్‌బోర్డు 48. తేడా ఉన్న మాట నిజమే. కానీ 38 డిగ్రీలున్న మూసిన పెట్టెలో పసిబిడ్డను ఉంచగలమా? పైగా నీడ మనం పెట్టిన చోట ఉండదు. పదింటికి చెట్టు కింద ఆపిన కారు పన్నెండింటికి నడి ఎండలో ఉంటుంది.

పాప నిద్రపోతోంది, లేపితే ఏడుస్తుంది. రెండు నిమిషాల పనే. వదిలి వెళ్లవచ్చా?

వద్దు. ఏడ్చినా ఎత్తుకుని వెళ్లండి. పని అంత చిన్నదైతే పాపతోనే అయిపోతుంది, పెద్దదైతే ఎలాగూ వదలకూడదు.

పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. వాళ్ల శరీరం చిన్నది, చెమటతో చల్లబడే ఏర్పాటు ఇంకా పూర్తిగా కుదురుకోదు. సీటు బెల్టులో ఉన్న బిడ్డ పక్కకు జరగలేదు, బట్ట తీసేసుకోలేదు, తలుపు తీయలేదు. శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే వడదెబ్బ, 42 దగ్గరికి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. వడదెబ్బ తగిలిన బిడ్డ గట్టిగా ఏడుస్తుందని, ఎవరో ఒకరు వింటారని అనుకోవద్దు. చాలాసార్లు మత్తుగా వాలిపోతుంది. బయటినుంచి చూసేవాళ్లకు నిద్రపోతున్నట్టే ఉంటుంది.

సొంత బిడ్డను కారులో మర్చిపోయేవాళ్లు కూడా ఉంటారా?

ఉంటారు. వాళ్లు ప్రేమ లేనివాళ్లూ కాదు, బాధ్యత లేనివాళ్లూ కాదు. ఈ ప్రశ్న అడిగే గొంతులో "మా ఇంట్లో అలా జరగదు" అన్న నమ్మకం వినబడుతుంటుంది. ఆ నమ్మకమంటేనే నాకు భయం.

అమెరికాలో 1998 నుంచి ఇలాంటి మరణాల లెక్క రాసిపెడుతున్నారు. ఏటా సగటున 37 మంది దాకా పిల్లలు ఆగి ఉన్న వాహనాల్లో వేడికి చనిపోతున్నారు. అందులో సగానికి పైగా పెద్దవాళ్లు మర్చిపోవడం వల్ల జరిగినవే. దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మెదడు మీద పనిచేసే డేవిడ్ డైమండ్ దీనికి కారణం వివరించారు. రోజూ చేసే పనులను మెదడులో అలవాటు భాగం నడిపిస్తుంది, మనం ఆలోచించక్కర్లేదు. కొత్తగా చేయాల్సిన పనిని గుర్తుపెట్టుకునేది వేరే భాగం. రోజూ నేరుగా ఆఫీసుకు వెళ్లే తండ్రి ఒక రోజు బిడ్డను దింపి వెళ్లాల్సి వచ్చిందనుకోండి. బిడ్డ వెనక సీట్లో నిద్రపోయింది, చప్పుడు లేదు. రాత్రి సరిగ్గా నిద్ర లేదు, పని టెన్షన్. తెలిసిన మలుపు రాగానే అలవాటు చేతిలోకి స్టీరింగ్ పోతుంది. బిడ్డను దింపేశానన్న భావన కూడా మనసులో ఏర్పడిపోవచ్చు. అందుకే సాయంత్రం దాకా ఏ అనుమానమూ రాదు.

జ్ఞాపకశక్తి మీద ఆధారపడని ఏర్పాట్లు చేసుకోవడమే దీనికి మందు. బిడ్డ కారులో ఉన్న ప్రతిసారీ ఫోనో, ఆఫీసు బ్యాగో, ఎడమ కాలి చెప్పో వెనక సీటు కింద పెట్టండి. అది లేకుండా మీరు దిగి నడవలేరు. బిడ్డ సీటులో ఒక బొమ్మ ఉంచి, బిడ్డను కూర్చోబెట్టగానే ఆ బొమ్మను ముందు సీట్లోకి మార్చండి. బడికి లేదా బిడ్డను చూసుకునేవాళ్లకు ముందే చెప్పిపెట్టండి: చెప్పకుండా బిడ్డ రాకపోతే పది నిమిషాల్లో ఫోన్ చేయమని, ఒకరు ఎత్తకపోతే ఇంకొకరికి చేయమని. కారులో ఎవరూ లేకపోయినా దిగిన ప్రతిసారీ వెనక తలుపు తీసి చూడటం అలవాటు చేసుకోండి. అలవాటు వల్ల జరిగే పొరపాటును ఇంకో అలవాటే ఆపాలి.

ఇంజిన్, ఏసీ ఆన్‌లో ఉంచి వెళితే ఫర్వాలేదు కదా?

ఇంజిన్ ఆగిపోవచ్చు. ఏసీ మొరాయించవచ్చు. కొన్ని కార్లలో ఇంజిన్ కొంతసేపటికి తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. బిడ్డ గేరు లాగవచ్చు, కిటికీ మీట నొక్కి అద్దంలో మెడ ఇరికించుకోవచ్చు. దొంగ కారుతో పాటు బిడ్డను కూడా తీసుకుపోవచ్చు. మూసిన గ్యారేజీలో అయితే కార్బన్ మోనాక్సైడ్ వాయువు పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తాళంచెవి తిప్పకుండా బటన్‌తో స్టార్టయ్యే కార్లలో ఇంజిన్ ఆపడం మర్చిపోయి లోపలికి వెళ్లి పడుకున్నవాళ్లు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మా పిల్లలు పెద్దవాళ్లే, కారులో వదిలేది లేదు. ఇంక మాకేం భయం?

ఆడుకుంటూ పిల్లలే కారెక్కి ఇరుక్కోవచ్చు. నేను చెప్పిన మరణాల్లో దాదాపు నాలుగో వంతు ఇలా జరిగినవే. దాగుడుమూతలకు కారు, డిక్కీ రెండూ పిల్లలకు నచ్చే చోట్లు. లోపలికి వెళ్లడం తెలుస్తుంది, చైల్డ్ లాక్ ఉన్న తలుపు లోపలినుంచి రాదని తెలియదు. ఇంటి ముందు ఆపినా సరే కారుకు తాళం వేయండి, తాళంచెవి చేతికందని చోట పెట్టండి. పిల్లవాడు కనబడకపోతే వీధిలోకి పరిగెత్తే ముందే నీటి తొట్లు, బావులు, ఆపైన కార్లు, డిక్కీలు చూడండి. కొంచెం పెద్ద పిల్లలకు హారన్ మోగించడం, ముందు సీట్లోకి పాకి డ్రైవర్ తలుపు తీయడం ఆటలాగా నేర్పండి.

వేరేవాళ్ల కారులో బిడ్డ ఒంటరిగా కనబడితే ఏం చేయాలి?

ముందు తలుపులన్నీ లాగి చూడండి. ఒక్కోసారి ఏదో ఒకటి తెరిచే ఉంటుంది. పక్కనున్నవాళ్లలో ఒకరిని అత్యవసర నంబరుకు ఫోన్ చేయమని, ఇంకొకరిని దగ్గరలోని దుకాణాల్లో యజమాని కోసం అడగమని పంపండి. బిడ్డ మెలకువగా, మామూలుగా ఉంటే కారు దగ్గరే ఉండి సాయం వచ్చేదాకా కనిపెట్టండి. పిలిస్తే పలకకపోయినా, ముఖం ఎర్రబడి వాలిపోయి ఉన్నా, వాంతి చేసుకున్నా ఆగకండి.

అద్దం పగలగొట్టాల్సి వస్తే బిడ్డకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని ఎంచుకోండి. ముందు అద్దం మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది పగిలినా ఊడి రాదు. పక్క అద్దాలు చాలా కార్లలో గట్టిపరిచిన గాజువి, దెబ్బ తగిలితే చిన్న పలుకులుగా రాలిపోతాయి. నడిమధ్యన కొడితే సులువుగా పగలవు, మూలన, మొనదేలిన గట్టి వస్తువుతో కొట్టాలి. చేతికి గుడ్డ చుట్టుకోండి. బిడ్డను నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లని నీళ్లతో తడిపి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు.

ఎవరేమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. బిడ్డ నిజంగానే నిద్రపోతూ ఉండి, తల్లి మన మీద కోప్పడిందనుకోండి, మనకు పోయేదేమీ లేదు.

కుక్కను కాసేపు ఉంచవచ్చా?

అదే వేడి, అదే జవాబు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగర్చడమే దానికున్న ప్రధానమైన దారి. చుట్టూ ఉన్న గాలే వేడెక్కి, ఊపిరి తేమతో నిండిపోతే ఆ వగర్పు కూడా పనిచేయదు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇంకా కష్టం. చొంగ ఎక్కువగా కారడం, తూలడం, చిగుళ్లు ముదురు ఎరుపెక్కడం కనబడితే నీళ్లతో తడుపుతూ పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లులు, పక్షులు, సంచిలో తెచ్చే చేపలు, వేటికైనా ఇంతే.

పెద్దవాళ్లు "నేను కారులోనే కూర్చుంటాను" అంటే?

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దిగలేక అలా అంటారు. వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది, ఒళ్లు చల్లబడే శక్తి కూడా తగ్గుతుంది. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. లోపల కూర్చునే చోటు చూసి, వాళ్లను గుమ్మం దగ్గర దింపి, తరువాత వెళ్లి కారు ఆపండి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లను అసలు ఒంటరిగా వదలవద్దు. తలుపు ఎలా తీయాలో వాళ్లకు ఆ సమయానికి తోచకపోవచ్చు.

మందులు గ్లవ్ బాక్సులో ఉంచుకుంటే అవసరానికి పనికొస్తాయి కదా?

అవసరానికి పనికిరాకుండా పోయేది అక్కడ ఉంచడం వల్లే. చాలా మందుల పెట్టెల మీద 25 లేదా 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది. ఆగి ఉన్న కారు ఆ గీత దాటడానికి పావుగంట కూడా పట్టకపోవచ్చు. పాడైన పాలు వాసన చెబుతాయి. పాడైన మందు ఏమీ చెప్పదు. రంగు అదే, రూపం అదే.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఒకసారి బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు మా అమ్మ ఇన్సులిన్ పెన్ను ఉన్న చిన్న సంచి నేను కారు వెనక సీట్లోనే వదిలేశాను. మధ్యాహ్నమంతా అది అక్కడే ఉంది. సాయంత్రం తెచ్చి ఇచ్చాను, చూడటానికి ఏ తేడా లేదు, అమ్మ దాన్నే వాడింది. రెండు రోజులు షుగర్ దిగలేదు. తిండి మార్చలేదు, మోతాదు మార్చలేదు, ఎందుకో అర్థం కాలేదు. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న: "ఇన్సులిన్ ఎక్కడైనా ఎండకు పెట్టారా?" కొత్త పెన్ను తీశాక కుదుటపడింది. ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇన్సులిన్‌తో పాటు ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిసరిన్ మాత్రలు, తీవ్రమైన అలర్జీకి వాడే అడ్రినలిన్ ఇంజెక్షను, థైరాయిడ్ మాత్రలు, కంటి చుక్కలు వేడికి తట్టుకోలేవు. షుగర్ చూసుకునే స్ట్రిప్పులు వేడికి పాడైతే అంకె తప్పు చూపిస్తాయి. ఆ తప్పు అంకె చూసి మోతాదు మార్చుకుంటే మరీ ప్రమాదం. ఉబ్బసం ఇన్‌హేలరు ఒత్తిడితో నింపిన డబ్బా, బాగా వేడెక్కితే పగలవచ్చు. వీటిని మీ వెంట ఉండే సంచిలోనే పెట్టుకోండి. ఎక్కువ సేపు ప్రయాణమైతే చల్లగా ఉంచే పౌచ్ వాడండి, కానీ మందును నేరుగా ఐసుకు ఆనించవద్దు. ఇన్సులిన్ గడ్డకట్టినా పాడైపోతుంది.

ఫోన్, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్ వదిలితే పేలిపోతాయా?

ప్రతిసారీ పేలవు, కానీ ప్రతిసారీ ఎంతో కొంత దెబ్బతింటాయి. ఉదాహరణకు ఆపిల్ సంస్థ ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని, ఆపేసి ఉంచినా 45 డిగ్రీలు దాటనివ్వవద్దని చెబుతుంది. ఎండలో ఉన్న డ్యాష్‌బోర్డు 69 అని పైన చూశాం. లిథియం బ్యాటరీ లోపలి రసాయనాలు వేడికి త్వరగా అరిగిపోతాయి, పూర్తిగా చార్జింగ్ ఉన్నప్పుడు ఇంకా త్వరగా. లోపల ముందే లోపం ఉన్న బ్యాటరీ అయితే తన వేడిని తానే పెంచుకుంటూ పోయి మంట అందుకుంటుంది. నాసిరకం పవర్ బ్యాంకులతో ఈ భయం ఎక్కువ, అందుకే నా దృష్టిలో ఫోన్ కన్నా ముందు కారులోంచి తీయాల్సింది అదే.

వేడెక్కిన ఫోన్‌ను వెంటనే చార్జింగ్ పెట్టవద్దు, ఫ్రిజ్‌లోనూ పెట్టవద్దు. ఫ్రిజ్‌లో పెడితే లోపల తేమ చేరుతుంది. కేసు తీసి, నీడలో, మామూలు గాలికి వదిలేయండి. బ్యాటరీ ఉబ్బినట్టు కనబడితే ఇక దాన్ని వాడకండి, గుచ్చకండి, నొక్కకండి.

లైటర్లు, సెంటు స్ప్రేలు?

డియోడరెంట్, హెయిర్ స్ప్రే, రంగు స్ప్రే, దోమల స్ప్రే, ఏ డబ్బా అయినా తిప్పి చూడండి. 50 డిగ్రీలు దాటే చోట ఉంచవద్దని రాసి ఉంటుంది. లోపలి వాయువు వేడికి వ్యాకోచించి డబ్బా పగిలితే అద్దం పగులుతుంది, మనిషి ఉంటే గాయపడతాడు. లైటర్లో ఉండేది బ్యూటేన్, సున్నా డిగ్రీల దగ్గరే మరిగే పదార్థం. ఒత్తిడితో దాన్ని ద్రవంగా ఉంచుతారు. పగిలిన లైటర్ కారంతా వాయువుతో నింపేస్తే చిన్న నిప్పురవ్వ చాలు. స్ప్రే ఏదైనా కొట్టిన వెంటనే మూసిన కారులో లైటర్ వెలిగించడం కూడా అంతే ప్రమాదం.

శానిటైజర్ సీసా ఎండకు దానంతట అదే అంటుకుంటుందని విన్నాను. నిజమేనా?

కాదు. అందులోని ఆల్కహాల్ నిప్పు తగలకుండా తనంతట తాను మండాలంటే 360 డిగ్రీల దాకా వేడి కావాలి, కారు లోపల అది అసాధ్యం. కానీ దాని ఆవిరి మంటకు సులువుగా అంటుకుంటుంది, కాబట్టి చేతికి రాసుకుని ఆరకముందే నిప్పు దగ్గరికి పోవద్దు. మూత వదులుగా ఉంటే ఎండకు ఆల్కహాల్ ఆవిరైపోయి, సూక్ష్మక్రిములను చంపే శక్తి తగ్గిన జిగురు మిగులుతుంది.

నీళ్ల సీసా వల్ల మంటలు వస్తాయా? ఆ నీళ్లు తాగవచ్చా?

గుండ్రంగా, పారదర్శకంగా ఉండి నిండుగా నీళ్లున్న సీసా భూతద్దంలా పనిచేయగలదు. సూర్యుడు, సీసా, సీటు సరిగ్గా కుదిరితే సీటు మీద కాలిన మచ్చ పడుతుంది. ఇది అరుదు, కానీ చేసి చూపించినవాళ్లు ఉన్నారు. అద్దం బంతులు, స్ఫటికం బొమ్మలు, గడ్డం గీసుకునే గుంట అద్దాలు కూడా ఈ కోవలోవే. సీసాను తలుపు అరలో, ఎండ పడని చోట పెడితే సరిపోతుంది.

ఇక తాగడం సంగతి. ఒక పూట కారులో ఉన్నంత మాత్రాన నీళ్లు విషమైపోవు. వారాల తరబడి ఎండలో కాగిన ప్లాస్టిక్ సీసాలో మాత్రం, తయారీలో వాడిన ఆంటిమొనీ లాంటి పదార్థాలు నీళ్లలోకి దిగడం పెరుగుతుంది. నోరు పెట్టి తాగి మూసిన సీసాలో బ్యాక్టీరియా పెరగడం అంతకన్నా దగ్గరి సమస్య. స్టీలు సీసా వాడి, రోజూ మార్చుకోండి. డ్రైవర్ కాళ్ల దగ్గర మాత్రం ఏ సీసా వదలకండి, దొర్లి బ్రేకు కిందికి పోతుంది.

కొన్న సరుకులు, వండిన తిండి ఎంతసేపు ఉంచవచ్చు?

4 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. పాలు, మాంసం, చేపలు, గుడ్లు, వండిన పదార్థాలు మామూలు వాతావరణంలో రెండు గంటలు, 32 డిగ్రీలు దాటితే గంట, అంతకు మించి బయట ఉండకూడదన్నది ఆహార భద్రతా నియమం. తరువాత బాగా మరిగించినా లాభం లేకపోవచ్చు, కొన్ని బ్యాక్టీరియా వదిలిన విషం వేడికి పోదు. పసిబిడ్డ పాల సీసా అయితే గంటల లెక్క కూడా వద్దు, మిగిలింది పారబోయండి. చల్లగా ఉండాల్సినవి అన్నిటికన్నా చివర కొని నేరుగా ఇంటికి వెళ్లడం మేలు. గ్యాస్ ఉన్న కూల్‌డ్రింకు డబ్బాలు ఎండకు పగిలి సీట్లు జిగటైపోతాయి.

డబ్బాలో పెట్రోలు, రంగులు, డ్రై ఐస్ లాంటివి?

పెట్రోలు ఆవిరి మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా నిప్పు అందుకోగలదు. కారులో డబ్బాతో ఉంచకండి, డిక్కీలో అయినా సరే. గ్యాస్ సిలిండరు తెస్తే ఇంటికి రాగానే దించండి.

చెక్కకు అవిసె నూనె పాలిష్ వేసి, ఆ గుడ్డను ఉండగా చుట్టి డిక్కీలో పడేసేవాళ్లు ఉంటారు. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది, ఉండ మధ్యలో ఆ వేడి పోయే దారి లేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. అలాంటి గుడ్డలు బయట పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లున్న ఇనప డబ్బాలో మూత పెట్టి ఉంచాలి.

డ్రై ఐస్ ప్రమాదం వేరు. అది కరిగి నీరు కాదు, నేరుగా కార్బన్ డయాక్సైడ్ వాయువవుతుంది. మూసిన కారులో అది నిండిపోతే, తలుపు తీసి కూర్చున్నవాళ్లు కాసేపట్లోనే స్పృహ తప్పవచ్చు. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ముందు తలుపులన్నీ తెరిచి గాలి ఆడనివ్వండి, ప్రయాణంలో అద్దాలు దించే ఉంచండి.

కళ్లజోడు, లిప్‌స్టిక్, సన్‌స్క్రీన్ లాంటి చిన్న వస్తువులు?

కళ్లజోడు ప్లాస్టిక్ అద్దాల మీది పూత వేడికి సన్నగా బీటలు వారుతుంది, ఫ్రేము వంగుతుంది. సన్‌స్క్రీన్ కాగితే ఎండనుంచి కాపాడే గుణం తగ్గుతుంది. లిప్‌స్టిక్, కొవ్వొత్తి, క్రేయాన్లు కరిగి సీటుకు పడతాయి. వీణ, వయొలిన్, గిటార్ లాంటివి మాత్రం చిన్న విషయం కాదు: జిగురు మెత్తబడి అతుకులు వీడతాయి, చెక్క పగులుతుంది, బాగుచేసినా ఆ నాదం తిరిగి రాకపోవచ్చు.

దొంగల సంగతేమిటి? బ్యాగు సీటు కింద దాస్తే చాలదా?

ఎప్పుడు దాచారన్నది ముఖ్యం. కారు ఆపాక డిక్కీ తెరిచి ల్యాప్‌టాప్ పెట్టి వెళితే, చూసేవాడికి అది ఎక్కడుందో మీరే చూపించినట్టు. దాచాల్సినవి బయలుదేరే ముందే డిక్కీలో పెట్టండి. అద్దం పగలగొట్టి తీసుకుపోవడానికి కొన్ని క్షణాలు చాలు, ఆ క్షణాల్లో దొంగ బ్యాగులో ఏముందో ఆలోచించడు. ఖాళీ బ్యాగు, వేలాడే చార్జింగ్ వైరు, కప్పిన దుప్పటి, చిల్లర నాణేలు, ఏవైనా అతన్ని పిలుస్తాయి. ఖాళీ బ్యాగు పోతే నష్టం లేదు గానీ పగిలిన అద్దం మాత్రం మీదే.

రెండో తాళంచెవి, ఇంటి తాళాలు, గేటు రిమోట్ కారులో అసలు ఉంచవద్దు.

కారు కాగితాలు కారులోనే ఉండాలి కదా?

మీ దేశంలో నియమం ఏం చెబుతుందో చూసుకోండి. నకలు కాగితాలో, ఫోన్‌లో చూపించే పత్రాలో చెల్లితే అసలువి ఇంట్లో పెట్టండి. కారుతో పాటు అసలు కాగితాలు కూడా దొంగ చేతికి పోతే అమ్మేయడం వాడికి సులువవుతుంది. ఇంటి చిరునామా ఉన్న కాగితం, ఇంటి తాళం ఒకే చోట ఉంటే నష్టం కారుతో ఆగదు. పాస్‌పోర్టు, సంతకం చేసిన చెక్కులు, బ్యాంకు కార్డులు, ఆసుపత్రి రిపోర్టులు కారులో ఉండాల్సిన పని ఏనాడూ లేదు.

చలికాలంలో ఈ గొడవ ఉండదు కదా?

వేడి గొడవ తగ్గుతుంది. గడ్డకట్టే చలి పడే చోట్ల దాని ఇబ్బందులు దానికున్నాయి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, కాబట్టి గాజు సీసాలు, డ్రింకు డబ్బాలు పగులుతాయి. ఇన్సులిన్ పాడవుతుంది, ఫోన్ బ్యాటరీ చటుక్కున ఆగిపోతుంది. పసిపిల్లలు, ముసలివాళ్లు, పెంపుడు జంతువులు చలికి కూడా తట్టుకోలేరు. మబ్బు లేని చలికాలపు మధ్యాహ్నం మాత్రం మొదటి ప్రశ్నకు ఇచ్చిన జవాబును గుర్తుచేసుకోండి.

అయితే కారులో ఏం ఉంచుకోవచ్చు?

స్టెప్నీ, జాకీ, పానా. ముందు అద్దానికి పెట్టే వెండిరంగు సన్‌షేడ్, అది డ్యాష్‌బోర్డు వేడిని బాగా తగ్గిస్తుంది. పొడి గుడ్డలు, ఒక దుప్పటి, గొడుగు (తడిసినది మాత్రం ఇంట్లో ఆరబెట్టి తెచ్చిపెట్టండి, లేకపోతే సీట్లకు బూజు పడుతుంది). టార్చిలైటు పెట్టుకుని బ్యాటరీలు విడిగా మీ సంచిలో ఉంచుకోండి. ప్రథమ చికిత్స పెట్టెలో దూది, కట్టు బట్టలు, కత్తెర ఉండనివ్వండి, మాత్రలు, మందు సీసాలు తీసేయండి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి, సీటు బెల్టు కోసే బ్లేడు కలిపి ఒకే పరికరంగా దొరుకుతాయి. దాన్ని డిక్కీలో కాదు, డ్రైవర్ చేతికి అందేచోట బిగించండి.